ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత కొట్టు లెక్కల పేజీ తెరిస్తే లాగిన్ బదులు కోడ్ వస్తోంది

విత్తనాలకొట్టు:
నమస్కారం అండి. సత్తెనపల్లి దగ్గర మాకు విత్తనాలు, ఎరువుల కొట్టు ఉంది. రైతుల అరువు ఖాతాలన్నీ 2017లో నేను పీహెచ్‌పీలో రాసుకున్న చిన్న ప్రోగ్రాంలో ఉన్నాయి. కొట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీదే పేజీలు పంపే అపాచీ, ఖాతాలు దాచే డేటాబేస్ మరియాడీబీ నడుస్తాయి. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని వైఫైలో ఫోన్‌తో తెరుచుకుంటారు.

2025 మే నెలతో ఆ మెషిన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04కి మామూలు సపోర్టు అయిపోయింది కదా, నిన్న రాత్రి కొట్టు కట్టేశాక 22.04కి అప్‌గ్రేడ్ పెట్టాను. పాత సెట్టింగ్ ఫైళ్లు ఉంచాలా అని అడిగితే ఉంచమన్నాను. చివర్లో అక్కర్లేని ప్యాకేజీలు తీసేయాలా అంటే సరే అన్నాను. పొద్దున చూస్తే లాగిన్ పేజీ రావాల్సిన చోట తెరనిండా నా కోడే. అపాచీ నడుస్తోందనే చూపిస్తోంది. రెండుసార్లు రీస్టార్ట్ చేసినా అంతే.

పత్తి విత్తనాలకు జనం వచ్చే రోజులివి. నాన్న పొద్దుట్నుంచీ అరువులు చీటీల మీద రాస్తున్నారు. ఖాతాలు పోయాయేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి.

రాత్రిడ్యూటీ:
నాకు ఇలాగే అయితే అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీ మూడూ పర్జ్ చేసి, అంటే సెట్టింగులతో సహా తీసేసి, మళ్లీ వేసుకున్నానండి. అరగంటలో అయిపోయింది.

కృష్ణలంక_లైనక్స్:
పర్జ్ జోలికి మాత్రం వెళ్లకండి. మరియాడీబీని పర్జ్ చేస్తుంటే డేటాబేసులు కూడా తీసేయాలా అని అడుగుతుంది. కంగారులో అవునని కొడితే ఖాతాలు నిజంగానే పోతాయి. ఇప్పటికైతే అవి పోయి ఉండవు.

ముందు అపాచీని ఆపండి. కోడ్ బయటికి కనిపిస్తోందంటే, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటే అదీ మీ వైఫైలో ఉన్న ఎవరి ఫోన్‌లోనైనా కనిపిస్తుంది. తర్వాత మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే కమాండ్‌తో డేటాబేస్ మొత్తం ఒక ఫైల్లోకి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఆ ఫైలు తెరిచి నలుగురు రైతుల పేర్లు కళ్లారా చూసుకున్నాకే మిగతా పని.

20.04లో పీహెచ్‌పీ 7.4 ఉంటుంది, 22.04లో 8.1. పీహెచ్‌పీ ఫైళ్లను నడపడం అపాచీకి సొంతంగా రాదు, మధ్యలో ఒక మాడ్యూల్ కావాలి. దాని పేరులోనే వెర్షన్ నంబరు ఉంటుంది. మీ పాత మాడ్యూల్ అక్కర్లేని ప్యాకేజీల్లో కలిసి పోయింది, కొత్తది రాలేదు. అందుకే మీ ఫైలును మామూలు టెక్స్ట్‌లా పంపేస్తోంది. లిబ్‌అపాచీ2-మాడ్-పీహెచ్‌పీ8.1, దాంతోపాటు పీహెచ్‌పీ8.1-మైఎస్‌క్యూఎల్ వేయండి. అపాచీ సెట్టింగులు సరిచూసే కాన్ఫిగ్‌టెస్ట్ కొడితే సింటాక్స్ ఓకే అని రావాలి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఇంకా ఆగితే అపాచీ ఎర్రర్ లాగ్ చివరి పది లైన్లు చూసి చెప్పండి.

రాత్రిడ్యూటీ:
నా మెషిన్‌లో దాచుకోవాల్సిన డేటా ఏమీ లేదు, అందుకే ఆ సంగతి తట్టలేదు. నేను చెప్పింది చేయకండి.

విత్తనాలకొట్టు:
డంప్ తీశాను. ఫైల్లో మొదటి ఖాతా దగ్గర్నుంచీ పేర్లన్నీ ఉన్నాయి, ప్రాణం లేచొచ్చింది. మాడ్యూల్ వేశాక లాగిన్ పేజీ కూడా వచ్చింది. లోపలికి వెళ్తే మాత్రం తెల్ల పేజీ. లాగ్‌లో ‘అన్‌డిఫైన్డ్ ఫంక్షన్’, అంటే ఆ ఫంక్షన్ లేదని, రెండు చోట్ల ఉంది: ఖాతాల పేజీలో జాబితాను ఒక్కొక్కటిగా చదివే ఈచ్, రసీదు పేజీలో పేరును కత్తిరించే ఎంబీ_సబ్‌స్ట్ర్. రెండోదానికి ముందున్న ఎంబీ తీసేసి ఉత్త సబ్‌స్ట్ర్ పెట్టి చూశాను. పేజీ తెరుచుకుంది, కానీ వెంకటేశ్వర్లు గారి పేరు ‘వెంకటే’ దగ్గర తెగిపోయి పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు వస్తోంది. పేరుకి 20 అక్షరాల చోటిచ్చాను, ఆయన పేరు అంత పొడుగు లేదు కదా?

కృష్ణలంక_లైనక్స్:
లాగ్‌లో మాట ఒకటే గానీ జబ్బులు రెండండి. ఈచ్ వాడొద్దని పీహెచ్‌పీ 7.2 నుంచే హెచ్చరిస్తూ వచ్చి, 8.0లో పూర్తిగా తీసేశారు. ఏ ప్యాకేజీ వేసినా అది తిరిగి రాదు, ఆ లూపులను ఫోర్‌ఈచ్‌తో మార్చి రాయాల్సిందే. ఎంబీ_సబ్‌స్ట్ర్ ఎక్కడికీ పోలేదు. పీహెచ్‌పీ8.1-ఎంబీస్ట్రింగ్ ప్యాకేజీ మీ మెషిన్‌లో లేదు, అంతే. అది వేసి అపాచీని రీస్టార్ట్ చేసి, మీ పాత లైను మళ్లీ పెట్టేయండి.

పేరు ఎందుకు తెగిందంటే, ఉత్త సబ్‌స్ట్ర్ లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, దాని గుణింతపు గుర్తు, సున్న, పొల్లు, వేటికవే 3 బైట్లు. వెంకటేశ్వర్లు అని రాస్తే 13 గుర్తులు, అంటే 39 బైట్లు. ‘వెంకటే’కి 18 పోయాయి. 20 దగ్గర కోసేసరికి తర్వాతి ‘శ’లో రెండు బైట్లే మిగిలాయి. మీకు డైమండ్‌లా కనిపించింది ఆ తెగిన ‘శ’. తెలుగు పేర్ల మీద సబ్‌స్ట్ర్ ఎప్పుడూ వాడకండి.

విత్తనాలకొట్టు:
అయిపోయిందండి! ఎంబీస్ట్రింగ్ వేసి రసీదు లైను పాతది పెట్టేశాను. ఈచ్ ఏడు చోట్ల దొరికింది, అన్నీ మార్చాను. డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా మార్చాను. సాయంత్రం నాన్న చదువుతుంటే పొద్దుటి చీటీలు 31 ఎక్కించాం. వెంకటేశ్వర్లు గారి రసీదు మళ్లీ ప్రింట్ తీస్తే పేరు నిండుగా వచ్చింది, ఇంకా కొట్లోనే ఉన్నారు కాబట్టి ఆయన చేతికే ఇచ్చాం. మీ మేలు మర్చిపోను.

24.04కి సీజన్ అయ్యాకే వెళ్తాను. అందులో పీహెచ్‌పీ 8.3 కాబట్టి ఈసారి ముందు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఈ డంప్ ఎక్కించి, ఒక్కో పేజీ తెరిచి చూసుకున్నాకే కొట్టు మెషిన్ ముట్టుకుంటాను.