ఉగాది గేటు దగ్గర కూతల గోల

ఈవెంట్ కోఆర్డినేటర్ (గురువారం రాత్రి): అందరికీ నమస్కారం. శనివారం స్కూల్లో మన ఉగాది వేడుకకి మధ్యాహ్నం 3కి తలుపులు తీయాలి. తోరణాలు, పచ్చడికి వేపపువ్వు, పంచాంగ శ్రవణానికి మైకు, పార్కింగ్ వలంటీర్లు ఇంకా తేలలేదు. వేపపువ్వు ఎవరి దగ్గరైనా ఉందా?

సెక్యూరిటీ డెస్క్: వేపపువ్వు తర్వాత అన్నా. మెటల్ డిటెక్టర్ గేట్లు రెండూ బిగించాం. మనిషి లేకపోయినా కూస్తున్నాయి. రేపు సాయంత్రం 5కి మళ్ళీ చూస్తాడట స్కూల్ మేనేజర్. అప్పటికీ ఇలాగే ఉంటే జనాన్ని లోపలికి వదలనని తేల్చేశాడు.

ట్రెజరర్: సెన్సిటివిటీ తగ్గించేస్తే పోలా?

సెక్యూరిటీ డెస్క్: తగ్గించాం. కూత ఆగింది కానీ, మేనేజర్ ఇచ్చిన టెస్ట్ పీస్ (పరీక్షకి వాడే లోహపు ముక్క) జేబులో వేసుకుని నడిచినా పలకలేదు. అలాంటి గేటు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

సౌండ్ అండ్ లైట్స్: ఫొటో చూశాను. ఎల్ఈడీ వాల్‌కి, అదే ఆ పెద్ద వీడియో తెరకి, నాలుగడుగుల్లో గేట్లు పెట్టారేంటి! గేటులో ఒక పలక అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, లోహం వస్తే కలిగే మార్పును రెండో పలక పట్టుకుంటుంది. వాల్ లోపలి పవర్ సప్లైలు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ రొద చేస్తాయి. పక్కనే ఇనుప తలుపు ఒకటి. అది కదిలినా గేటు కూస్తుంది.

కల్చరల్ కమిటీ: వాల్ కదిపేది లేదు. లాబీలోనే పెడతామని స్పాన్సర్‌కి మాటిచ్చాం.

సెక్యూరిటీ డెస్క్ (శుక్రవారం మధ్యాహ్నం): ఒక్కొక్కటీ ఆపి చూశాం. వాల్ ఆపితే గేటు ప్యానెల్ మీద రొదను చూపే గీతలు సగానికి దిగాయి. అదే ఎక్స్‌టెన్షన్ మీదున్న ఫ్రిజ్ తీస్తే ఇంకాస్త. రెండో గేటు ఆపాక మొదటిది పూర్తిగా నిశ్శబ్దం. అవి ఒకదాన్నొకటి రెచ్చగొడుతున్నాయి. ఒకే కంపెనీవైతే రెండూ ఒకే తాళంలో నడిచేలా సింక్ కేబుల్ వేసేవాళ్ళం. ఇవి చెరో కంపెనీవి. ఎవరు తెచ్చారు?

ట్రెజరర్: నేనే. రెండోది సగం అద్దెకే దొరికింది. డబ్బు మిగిల్చినందుకు ఇదా బహుమానం? పోయినసారి భోజనాల లోటు ఎవరు పూడ్చారో మర్చిపోయారా?

కల్చరల్ కమిటీ: అద్దె మిగిలింది సరే, రేపు గుమ్మం బయట నిలబడేది ఆరేళ్ళ పిల్లలు.

ట్రెజరర్: అయితే లెక్కలు మీరే చూసుకోండి. సెలవు.

సలహా మండలి: గేట్లు కొట్టుకున్నది చాలదా నాయనా, మీరు కూడానా? రెండోది జిమ్ వైపు తలుపు దగ్గర పెడితే?

సౌండ్ అండ్ లైట్స్: భేష్ బాబాయ్. ఈ క్షేత్రానికి గోడ అడ్డు కాదు, దూరమే మందు. గేటు ప్లగ్ నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి, వాల్‌కి వేరే సర్క్యూట్. కేబుళ్ళు పలకల వెంట పరచొద్దు. కాళ్ళు గట్టిగా బిగించండి, ఊగినా కూస్తుంది.

ఫుడ్ కమిటీ: జిమ్ తలుపు దగ్గర మా బల్లలు!

సలహా మండలి: క్యాంటీన్‌లోకి మార్చమ్మా. స్టీలు ట్రేల బండ్లు గేటు పక్కన తిరగకపోతే మనకే మంచిది.

రిజిస్ట్రేషన్ డెస్క్: గాజులు, వడ్డాణాలు తీసి ట్రేలో పెట్టమంటే మా అక్కలు ఊరుకోరు.

సెక్యూరిటీ డెస్క్: తీయక్కర్లేదు వదినా. ఏ ఎత్తులో లోహం ఉందో లైటు చూపిస్తుంది, అక్కడ మాత్రం చేతి డిటెక్టర్‌తో చూస్తాం. అది ఆడవాళ్ళే పట్టుకోవాలి. కూచిపూడి పిల్లలు గజ్జెలు లోపలికెళ్ళాక కట్టుకుంటే సరి. పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్ళు ముందే చెప్పాలి, గేటులో ఆగి నిలబడకూడదు.

కల్చరల్ కమిటీ: స్పాన్సర్‌తో మాట్లాడాను. వాల్ స్టేజీ పక్కకి మారుస్తున్నాం, జనం అక్కడే ఎక్కువసేపు ఉంటారని ఆయనే సంతోషించాడు. ట్రెజరర్ గారూ, వ్యాన్ మీదే కదా, కాస్త తెస్తారా?

ట్రెజరర్: 4కి వస్తాను. ఇద్దరు మనుషుల్ని పంపండి.

సెక్యూరిటీ డెస్క్ (సాయంత్రం 5:30): పాసైంది! మేనేజర్ టెస్ట్ పీస్ చీలమండకీ నడుముకీ పెట్టుకుని రెండు గేట్లలోంచీ నడిచాడు. ప్రతిసారీ పలికింది, ఖాళీగా ఉంటే గప్‌చుప్. దయచేసి రేపు ఎవరూ సెట్టింగులు ముట్టుకోవద్దు. జిమ్ గేటుకి ఇద్దరు ఆడ వలంటీర్లు కావాలి, 1:30కల్లా.

రిజిస్ట్రేషన్ డెస్క్: నేనూ మా అత్తగారూ వస్తాం. ఆవిడ చేతికి డిటెక్టర్ ఇస్తే వడ్డాణం ఎన్ని తులాలో కూడా అడిగేస్తారు, ముందే చెబుతున్నా.