సబ్సిడీ వస్తుందంటే హర్యానా గేదెలు తెప్పించుకోవచ్చా?

ప్రశ్న (సూర్యాపేట జిల్లా):
నాకు ఎనిమిది గేదెలున్నాయి. పాలు హోటళ్లకు, ఇళ్లకు పోస్తున్నాను. రోహ్‌తక్ వైపు నుంచి ఇంకో పది ముర్రా గేదెలు తెప్పిస్తానని ఒక దళారి అంటున్నాడు. బ్యాంకు లోన్ మీద సగం సబ్సిడీ వస్తుందట. కాగితాలు తనే చూసుకుంటాడట, ముందు కొంత డబ్బు కట్టాలట. సబ్సిడీ పడ్డాక వట్టిపోయినవాటిని తనే వెనక్కి కొంటానంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు (పాడి రైతు, కరీంనగర్ జిల్లా):
తమ్ముడూ, ముందు డబ్బు మాత్రం కట్టకు. అది ఏ పథకమో పేరు చెప్పమను. ఆ పేరు పట్టుకొని మీ పశువైద్యశాలలో, బ్యాంకులో అడుగు. చాలామంది దళారులు పాత సంగతులే చెప్పి తిప్పుతున్నారు. నాబార్డ్ ద్వారా నడిచిన డెయిరీ పథకంలో జనరల్ వాళ్లకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 33.33 శాతం ఉండేది. ఇప్పుడు అది లేదు. ఉన్నప్పుడు కూడా ఆ డబ్బు రైతు చేతికి రాలేదు. బ్యాంకులో పక్కన పెట్టి, అప్పు సక్రమంగా కట్టుకుంటూ పోతే చివర్లో సర్దేవాళ్లు. 2018లో మన రాష్ట్రంలో 50, 75 శాతం సబ్సిడీతో గేదెలిచ్చింది విజయ, ముల్కనూరు, కరీంనగర్ లాంటి డెయిరీలకు పాలు పోసే సభ్యులకే. జాతీయ పశుధన మిషన్‌లో 50 శాతం ఉన్నమాట నిజమే కానీ అది గొర్రెలు, మేకలు, కోళ్లు, పశుగ్రాసం లాంటి యూనిట్లకు. పాలగేదెలు కొనడానికి కాదు.

సబ్సిడీ రాదనుకొనే లెక్క వేసుకో. దాణా, గడ్డి, వడ్డీ, కూలి పోగా మిగిలితేనే కొను. పదీ ఒకేసారి వద్దు. ఇప్పుడు సగం, మిగతా సగం ఆరు నెలల తర్వాత తెచ్చుకుంటే అన్నీ ఒకేసారి వట్టిపోవు, హోటల్ వాళ్లకు పాలు ఆగవు.

జవాబు (పశువైద్యశాలలో పనిచేస్తాను):
వెనక్కి కొంటానన్న మాట దగ్గరే జాగ్రత్త పడండి. అదే గేదెను ఇంకో రైతు పేరు మీద మళ్లీ చూపించి లోన్ ఎత్తే వాళ్లున్నారు. గేదె చెవిపోగు (ట్యాగ్) మీద 12 అంకెల నంబరు ఉంటుంది, దానితో గేదె వివరాలన్నీ ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. తనిఖీలో దొరికితే దళారి తప్పుకుంటాడు, అప్పు మీ పేరు మీదే ఉంటుంది. ఇలాంటివాటివల్లే నిజంగా పాడి చేసేవాళ్లకు కూడా లోన్ ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడుతున్నాయి. అది చూస్తే బాధేస్తుంది.

కొనేటప్పుడు ఒక్క పూట పాలు చూసి బేరం ఆడకండి. ముందు పూట పిండకుండా వదిలేసి నిండు పొదుగు చూపిస్తారు. సాయంత్రం మీ ఎదురుగా పూర్తిగా పిండించి, ఆ తర్వాత వరసగా మూడు పూటలు కొలవండి. ఇంజెక్షన్ వేసి పాలు చేపించనివ్వకండి. ఎన్నో ఈతో అడగండి, పళ్లు చూడండి, నాలుగు చన్నులూ మీరే పిండి చూడండి. బ్రూసెల్లోసిస్ రక్త పరీక్ష తప్పనిసరిగా చేయించండి, ఆ జబ్బున్న గేదె ఒక్కటి వచ్చినా మీ పాత మందలో ఈసుకుపోవడాలు (గర్భస్రావాలు) మొదలవుతాయి, మనుషులకూ అంటుకుంటుంది. లారీ దిగాక మూడు వారాలు వేరే కొట్టంలో కట్టండి. గాలికుంటు టీకా వేసినట్టు కాగితం తీసుకోండి.

ప్రశ్న వేసిన రైతు:
చాలా థ్యాంక్సండీ. లోన్ గేదె వట్టిపోతే అమ్ముకోవచ్చా? దాణాకు లోన్ ఏమైనా దొరుకుతుందా?

జవాబు (పశువైద్యశాలలో పనిచేస్తాను):
లోన్ తీరేదాకా గేదె బ్యాంకుకు తాకట్టు కిందే లెక్క. రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా అమ్మకండి. అమ్మాక చెవిపోగు నంబరు కొత్త యజమాని పేరుకు మార్పించండి, బీమా కంపెనీకి చెప్పండి. పోగు ఊడిపోతే ఆ రోజే చెప్పి కొత్తది వేయించండి. పోగు లేకుండా గేదె చనిపోతే క్లెయిమ్ రాదు.

దాణా, మందుల ఖర్చుకు పాడి రైతులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు. వడ్డీ రాయితీ 2 లక్షల దాకా వర్తిస్తుంది. వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. మీ ఎనిమిది గేదెల చెవిపోగు నంబర్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి.