1,800 మంది ఉన్న చిన్న కాలేజీలో మ్యాథ్స్ మేజర్: మూడో ఏడాదికే కోర్సులు అయిపోతాయా?

వెన్నెల72:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి విషయంలో సలహా కావాలి. మేముండేది అమెరికాలో. తను ఈ ఏడాది హైస్కూల్ పూర్తి చేస్తోంది. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మా స్టేట్ యూనివర్సిటీ, రెండోది మొత్తం కలిపి 1,800 మంది చదివే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అంటే ప్రధానంగా డిగ్రీ వరకే చెప్పే చిన్న కాలేజీ. స్కాలర్‌షిప్ పోను రెండు చోట్లా ఫీజు దాదాపు సమానమే కాబట్టి ఆ చర్చ లేదు. మే 1లోపు ఏదో ఒకదానికి సరే అనాలి.

తనకి లెక్కలంటే ప్రాణం. మ్యాథ్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు), కంప్యూటర్ సైన్స్ మైనర్ (తక్కువ కోర్సులతో రెండో సబ్జెక్టు) చేసి, తర్వాత పీహెచ్‌డీకి వెళ్తానంటోంది. చిన్న కాలేజీ చూడ్డానికి వెళ్లిన రోజు ఒక క్లాసులో కూర్చోనిచ్చారు. పదకొండు మందే ఉన్నారట. ప్రొఫెసర్ ఒక్కొక్కర్నీ బోర్డు దగ్గరికి పిలిచి నిరూపణలు రాయించారట. ఆ రోజు నుంచి ఇంట్లో ఇంకో మాట లేదు.

నా టెన్షన్ వేరు. అక్కడి మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లు ఆరుగురే. ఎంఎస్, పీహెచ్‌డీ కోర్సులు లేవు. తను ఇప్పటికే మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్ చదివేసింది. మూడో ఏడాదికల్లా చదవడానికి కోర్సులు మిగలకపోతే? పిల్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని లేదు. అలాగని ఏమీ తెలుసుకోకుండా పంపనూ లేను.

తూర్పుగట్టు:

మా అబ్బాయి పెద్ద యూనివర్సిటీలో చదివాడు, కాబట్టి నా మాట ఒక వైపు మొగ్గుతుందేమో. వాడు మూడో ఏడాదిలోనే పీజీ క్లాసుల్లో కూర్చున్నాడు. ఆ సదుపాయం చిన్న కాలేజీలో ఉండదు. ఇంకొకటి, అమ్మాయి మనసు మారి ఇంజనీరింగ్ వైపు వెళ్తే ఏంటో ఇప్పుడే చూసుకోండి. స్వార్త్‌మోర్, హార్వీ మడ్, స్మిత్ లాంటి కొన్ని చోట్ల ఇంజనీరింగ్ ఉంది కానీ చాలా చిన్న కాలేజీల్లో లేదు. వాటిలో కొన్ని 3-2 పద్ధతి చూపిస్తాయి. అంటే మూడేళ్లు అక్కడ, రెండేళ్లు వేరే ఇంజనీరింగ్ స్కూల్లో, చివరికి రెండు డిగ్రీలు. వినడానికి బాగుంటుంది. కానీ మూడేళ్లు అలవాటైన స్నేహితుల్ని వదిలి నాలుగో ఏడాదిలో కొత్త చోటికి వెళ్లాలి, ఆర్థిక సాయం లెక్కలు అక్కడ మళ్లీ మొదలవుతాయి.

లెక్కలమ్మాయి:

వెన్నెల గారూ, నేను సరిగ్గా ఇలాంటి కాలేజీలోనే మ్యాథ్స్ చదివి, తర్వాత పీహెచ్‌డీ చేశాను. మీ భయంలో నిజం ఉంది. అది ఎక్కడ ఉందో చెప్తాను.

కాలేజీ వెబ్‌సైట్‌లో కేటలాగ్ అని ఒకటి ఉంటుంది. అందులో టోపాలజీ, నంబర్ థియరీ, కాంప్లెక్స్ అనాలిసిస్, అన్నీ ఉంటాయి. దాన్ని చూసి మురిసిపోకండి. ఆరుగురు ప్రొఫెసర్లున్న చోట పై కోర్సులు రెండేళ్లకోసారే వస్తాయి. నాకు అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా రెండో భాగం కావాలి. అది చెప్పే ప్రొఫెసర్ నా మూడో ఏడాదంతా సబాటికల్ (పరిశోధన కోసం ప్రొఫెసర్లు తీసుకునే సెలవు) మీద వెళ్లిపోయారు. నాలుగో ఏడాదిలో పేర్లిచ్చింది ముగ్గురమే కావడంతో కోర్సు రద్దు చేశారు. ఆ వారం నేను నిద్రపోలేదు. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాల్సిన సమయం అది.

అప్పుడు మేం ముగ్గురం కలిసి ఇంకో ప్రొఫెసర్ గది తలుపు తట్టాం. ఆవిడ చెప్పేది జామెట్రీ. అయినా రీడింగ్ కోర్సుగా పెట్టుకుందాం, నేనూ మీతో పాటు మళ్లీ చదువుతాను అన్నారు. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండు గంటలు. పాఠం చెప్పడం మా పని, అడ్డుపడి ప్రశ్నలడగడం ఆవిడ పని. ఆల్జీబ్రాలో భాగమైన గాల్వా థియరీ నేను నేర్చుకున్నది అలా. వారం వారం నా తప్పులన్నీ చూసిన మనిషి కాబట్టి, నా గురించి ఆవిడ రాసిన సిఫార్సు లేఖలో రాయడానికి విషయం ఉంది. రెండు వందల మంది క్లాసులో నేను ఎంత మంచి గ్రేడు తెచ్చుకున్నా అలాంటి లేఖ వచ్చేది కాదు.

బయట దొరికే చదువు కూడా లెక్కలోకి తీసుకోండి. నేను ఒక సెమిస్టర్ హంగరీలో జరిగే బుడాపెస్ట్ సెమిస్టర్స్ ఇన్ మ్యాథమెటిక్స్ అనే ప్రోగ్రామ్‌కి వెళ్లాను. 1985 నుంచి నడుస్తోంది, పాఠాలు ఇంగ్లీషులోనే. కాంబినటోరిక్స్ అంటే ఏంటో అక్కడే తెలిసింది. ఆ క్రెడిట్లు మీ కాలేజీ మేజర్‌లో కలుపుతుందా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా అడగాలి. వేసవిలో రీసెర్చ్‌కి ఎన్ఎస్ఎఫ్ (సైన్స్‌కి నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) వారి ఆర్ఈయూలు, అంటే డిగ్రీ విద్యార్థుల రీసెర్చ్ ప్రోగ్రాములు ఉన్నాయి. వాటి నిధులు అమెరికా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. నేను ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను కాబట్టి నాకు కుదరలేదు, మా కాలేజీ సొంత వేసవి నిధితో చేశాను. మీ అమ్మాయికి రెండు దారులూ ఉంటాయేమో చూడండి.

నష్టం కూడా చెప్పాలి. పీహెచ్‌డీ మొదటి ఏడాది నాతో చేరినవాళ్లలో సగం మంది మెజర్ థియరీ (అనాలిసిస్‌లో పై స్థాయి అంశం) అప్పటికే ఒకసారి చదివి వచ్చారు. నేను ఆ పేరు వినడమే తప్ప పుస్తకం తెరవలేదు. ఆ ఏడాది చాలా కష్టపడ్డాను. రెండో ఏడాదికి తేడా పోయింది, కానీ ఆ మొదటి చలికాలం నాకింకా గుర్తుంది.

మీరు ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది. కేటలాగ్ పక్కన పెట్టి, గత నాలుగు సెమిస్టర్ల క్లాస్ షెడ్యూల్ తెరవండి. చాలా కాలేజీల్లో రిజిస్ట్రార్ పేజీలో ఉంటుంది. నిజంగా ఏయే కోర్సులు నడిచాయో కాగితం మీద రాసుకోండి. తర్వాత కాలేజీ పేరుతో కామన్ డేటా సెట్ (కాలేజీలు తమ గణాంకాలు ఒకే నమూనాలో ఇచ్చే పత్రం) వెతకండి. అందులో ఐ-3 పట్టికలో ఎంత మంది ఉన్న క్లాసులు ఎన్నో ఉంటుంది. జె భాగంలో ఏ సబ్జెక్టులో ఎంత శాతం డిగ్రీలు ఇచ్చారో ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ శాతం బాగా ఎక్కువుండి, చెప్పేవాళ్లు నలుగురే ఉంటే మైనర్ చేసేవాళ్లకి సీట్లు దొరుకుతాయా అని తప్పకుండా అడగండి. నా దృష్టిలో మ్యాథ్స్ కంటే అదే పెద్ద ప్రశ్న.

నీటిరంగు:

చుట్టుపక్కల ఏ కాలేజీలున్నాయో కూడా చూడండి. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో పొమోనా, స్క్రిప్స్, హార్వీ మడ్ పక్కపక్కనే ఉంటాయి, ఒక దాంట్లో చేరినవాళ్లు ఇంకోదాని క్లాసుకి నడిచి వెళ్తారు. మసాచుసెట్స్‌లో ఆమ్‌హెర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్ పిల్లలు అదనపు ఫీజు లేకుండా అక్కడి పెద్ద స్టేట్ యూనివర్సిటీ యూమాస్ ఆమ్‌హెర్స్ట్‌లో కోర్సులు తీసుకోవచ్చు. అంటే మీరు భయపడుతున్న పీజీ కోర్సులు బస్సు దూరంలో ఉన్నట్టే. మీ కాలేజీకి అలాంటి ఒప్పందం ఉంటే బస్సు వేళలు క్లాసు వేళలతో కుదురుతాయో లేదో అక్కడి విద్యార్థినే అడగండి.

వెన్నెల72:

లెక్కలమ్మాయి గారూ, మీరు చెప్పినట్టే రాత్రి నేనూ అమ్మాయీ కూర్చుని నాలుగు సెమిస్టర్లు రాసుకున్నాం. రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా ఏటా ఉన్నాయి. టోపాలజీ ఒక్కసారే వచ్చింది. ఆల్జీబ్రా రెండో భాగం అసలు రాలేదు. రీడింగ్ కోర్సులు మాత్రం ప్రతి సెమిస్టర్‌లో రెండు మూడు కనిపించాయి. పక్కన వేరే కాలేజీలేవీ లేవు. అమ్మాయే డిపార్ట్‌మెంట్ చైర్‌కి ఈమెయిల్ రాసింది. ఏం అడగాలో తనే నిర్ణయించుకుంది, నేను వేలు పెట్టలేదు.

లెక్కలమ్మాయి:

ఏటా అనాలిసిస్, ఆల్జీబ్రా ఉన్నాయంటే పునాది గట్టిదే. చైర్ జవాబిచ్చాక ఇంకో మెయిల్ రాయమనండి. గత ఐదేళ్లలో మ్యాథ్స్ చదివి పీహెచ్‌డీకి వెళ్లిన పూర్వ విద్యార్థి ఒకరితో మాట్లాడించమని. చిన్న డిపార్ట్‌మెంట్‌లో వాళ్లందరి పేర్లూ ప్రొఫెసర్లకి నోటికి వచ్చి ఉంటాయి. ఒక్క పేరూ చెప్పలేకపోతే మాత్రం స్టేట్ యూనివర్సిటీ వైపు ఆలోచించండి. జవాబు వచ్చాక ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.