పాత క్వాలిస్‌కు వెనక ఆయిల్ లీక్: గేర్‌బాక్స్ దించాలా, ముందు పైన చూడాలా?

కడప క్వాలిస్:
అందరికీ నమస్తే. మాది 2003 మోడల్ క్వాలిస్, 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట, బెల్ హౌసింగ్ అడుగు నుంచి నల్లటి ఆయిల్ కారుతోంది. రాత్రి కింద అట్టముక్క పెడితే తెల్లారేసరికి తడిసిపోతోంది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి వెళ్లొచ్చిన రోజు ఇంకా ఎక్కువ. షెడ్డులో చూసి క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) వెనక ఆయిల్ ఆపే రబ్బరు సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, ఎలాగూ దించుతాం కాబట్టి క్లచ్ సెట్టు కూడా వేసేద్దాం అన్నారు. ఇంకో మెకానిక్ మాత్రం పాత డీజిల్ బండికి ఇది మామూలే, ఆయిల్ పోసుకుంటూ తిప్పుకోండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కర్నూలు డ్రైవర్:
దించేయండి అన్నా, ఆలోచించొద్దు. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు సీల్ గట్టిపడకుండా ఉంటుందా? ఈ రోజు కాకపోతే రేపైనా మార్చాలి. సీల్ ధర ఎంత, గేర్‌బాక్స్ దించే కూలి ఎంత? ఒకే కూలితో సీలు, క్లచ్ రెండూ అయిపోతాయి. హైవే మీద బండి నడిపేవాళ్లం మేము. దారిలో ఆగిపోతే ఆ రోజు బాడుగ పోయినట్టే.

అనంత డీజిల్:
నేను ఒప్పుకోను. కారణం చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకే ఇంజిన్‌లో ఎక్కడ లీకైనా చాలాసార్లు చివరికి వచ్చి చేరేది బెల్ హౌసింగ్ దగ్గరే. అక్కడ తడి ఉందంటే ఆయిల్ అక్కడిదాకా వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

ఈ ఇంజిన్‌లో ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) కింద, హెడ్డు వెనకవైపు అరచందమామ ఆకారంలో ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది. వేడికి అది గట్టిపడి సందు ఇస్తుంది. అక్కడ కారిన ఆయిల్ హెడ్డు వెనక గోడ మీదుగా నేరుగా బెల్ హౌసింగ్ మీదికే దిగుతుంది. కింద పడుకుని చూసినవాడికి అది అచ్చం క్రాంక్ సీల్ లీకులాగే ఉంటుంది. బిళ్ల, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చడానికి పైన కొన్ని బోల్టులు విప్పితే చాలు. గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. ఆల్టర్నేటర్ వెనక ఉండే వ్యాక్యూమ్ పంపుకి కూడా ఇంజిన్ ఆయిలే వెళ్తుంది. దాని పైపుల రబ్బరు పగిలినా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ కారినా కథ ఇదే.

కాబట్టి ముందు కడగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్‌కి పాలిథిన్ కవరు చుట్టి, బ్రష్షుతో డీజిల్ రుద్ది, కాటన్ వేస్టుతో పూర్తిగా తుడవండి. తడి డీజిల్ మిగిలి ఉండగా స్టార్ట్ చేయొద్దు, అది ప్రమాదం. ఆరాక అనుమానం ఉన్న చోటల్లా ముఖానికి వేసుకునే పౌడరు చల్లండి. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, టార్చి వేసి పైనుంచి కిందికి చూడండి. పౌడరు మొదట ఎక్కడ తడిసిందో లీకు అక్కడే. మన దగ్గర ఎర్ర దుమ్ము ఆయిల్‌కి పట్టుకుని ఇంజిన్ అంతా మట్టి పెచ్చు కట్టి ఉంటుంది. అది తీయకుండా ఎంత పెద్ద మేస్త్రీ అయినా లీకు ఇక్కడే అని చెప్పలేడు.

ప్రొద్దుటూరు నుంచి:
ఒక చిన్న మాట. కారేది ఇంజిన్ ఆయిలేనా అని తెల్ల గుడ్డ మీద తుడిచి చూడండి. డీజిల్ బండి ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం కంపు కొడుతుంది, అదైతే గేర్‌బాక్స్ ముందు సీల్ అనుకోవాలి. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు పగిలి డీజిల్ కారినా ఇంజిన్ మీది నల్ల మురికిని కడిగి కిందికి తెస్తుంది.

కర్నూలు డ్రైవర్:
కడగడం, పౌడరు చల్లడం సొంత కారుకి బాగుంటుంది. బాడుగ బండికి అంత తీరిక ఎక్కడుంది? అంత అనుమానం ఉంటే చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి, లీకు తగ్గుతుంది. మావాళ్లు చాలామంది అదే చేస్తారు.

అనంత డీజిల్:
అన్నా, మీ బాడుగ కష్టం నాకు తెలుసు. మన ఎండలకి ఆ ఆయిల్ పోసినంత మాత్రాన ఇంజిన్ పాడైపోదు కూడా. కానీ గట్టిపడిన ప్యాకింగ్ ఆయిల్ మారిస్తే మెత్తబడదు కదా.

ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది: బ్రీదర్ పైపు చూశారా? పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ కింద ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి దిగుతుంది, మనవాళ్లు బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే. ఆ గ్యాస్ బ్రీదర్ గుండా బయటపడాలి. పైపులో మడ్డి పేరుకుపోతే ఒత్తిడి పెరిగి సీళ్ల పక్కనుంచి ఆయిల్‌ని తోస్తుంది. ఘాట్ ఎక్కినప్పుడు ఇంజిన్ మీద లోడు పెరుగుతుంది, ఆ గ్యాసూ పెరుగుతుంది. కడప అన్న చెప్పిన లక్షణం చదవగానే నాకు ముందు తట్టింది ఇదే. ఇంజిన్ వేడిగా, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరిపడేలా తోస్తుంటే పైపు శుభ్రం చేసి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే చాలావరకు రింగులు అరిగాయన్నమాట. ఆ స్థితిలో ఎంత మంచి సీల్ వేసినా మళ్లీ కారుతుంది, గేర్‌బాక్స్ దించిన డబ్బు వృథా.

పైన అంతా పొడిగా ఉండి, బెల్ హౌసింగ్ లోపలినుంచే నల్ల ఆయిల్ వస్తుంటే అప్పుడు దించమనండి, నేనే వద్దనను. దించాక సీల్ పెదవి ఆనే చోట క్రాంక్‌ని గోటితో తడమమనండి. గాడి తగిలితే కొత్త సీల్‌ని ఒక వెంట్రుకవాసి పక్కకి కూర్చోబెట్టాలి, లేదా క్రాంక్ మీద స్లీవ్ (సన్నటి లోహపు తొడుగు) వేయించాలి. సీల్ హౌసింగ్ వెనక ప్యాకింగ్ కూడా కొత్తదే వేయాలి. సిలికాన్ పేస్టు మాత్రం దండిగా పూయనివ్వకండి. ఎక్కువైంది లోపల తెగిపడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది.

నంద్యాల రైతు:
నా దగ్గర పాత బొలేరో ఉంది. చుక్కలు పడుతూనే ఉంటాయి, డిప్‌స్టిక్ చూసి పోసుకుంటాను. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. చుక్క చుక్కకీ షెడ్డుకి పోతే సేద్యం ఎవరు చేస్తారు?

అనంత డీజిల్:
లెవెల్ తగ్గకుండా చూసుకుంటున్నారు, మంచిదే. అయితే ఆయిల్ ఎక్కడ పడుతోందన్నది కూడా ముఖ్యం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీద పడితే మంటలు రావచ్చు. క్లచ్ ప్లేటు మీద పడితే ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది. అందుకే పోసుకుంటూ తిరిగేవాళ్లయినా ఒకసారి కడిగి చూసుకోవాలంటాను.

కడప క్వాలిస్:
ముందు కడిగించి, బ్రీదర్ చూపిస్తాను. ఆదివారం కుటుంబంతో తిరుపతి వెళ్లాలి, ఇదే టెన్షన్. ఈలోపు పని కాకపోతే బండి తీయొచ్చా?

అనంత డీజిల్:
ఆయిల్ మానిఫోల్డ్ మీద, క్లచ్ మీద పడట్లేదని చూసుకుంటే తీయొచ్చు. సమతలం మీద బండి ఆపి, కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూడండి, పై గీత దాకా ఆయిల్ ఉండాలి. అదే గ్రేడు ఆయిల్ డబ్బా ఒకటి బండిలో పెట్టుకోండి, దారిలో ఆగిన చోటల్లా చూడండి. ఆయిల్ లైటు వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఇంకొకటి, ఇంజిన్ ముందువైపు టైమింగ్ బెల్టు (క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌నీ కలిపే బెల్టు) కవర్ అడుగున తడి ఉందేమో రేపే చూడండి. ఉంటే ఈ బండిలో వెళ్లొద్దు. ఆయిల్ తాగిన బెల్టు ఎప్పుడైనా తెగొచ్చు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్‌కీ వాల్వులకీ మధ్య ఖాళీ చాలా తక్కువ, బెల్టు తెగితే వాల్వులు వంగి హెడ్డు విప్పాల్సి వస్తుంది. ముందువైపు క్రాంక్ సీలు, క్యామ్ సీలు, బెల్టు కలిపి మార్పించాకే ప్రయాణం పెట్టుకోండి.