మేనమామ వేసిన ఎఫ్4 గ్రీన్‌కార్డు పిటిషన్‌ను నమ్ముకుని అబ్బాయి చదువు ఆపొచ్చా?

కృష్ణాతీరం: అమెరికా పౌరుడైన తమ్ముడు అక్క పేరున 2007 ఫిబ్రవరిలో ఐ-130 (బంధువుకి గ్రీన్‌కార్డు కోరే పిటిషన్) వేశాడు. పౌరుల తోబుట్టువులకిచ్చే ఎఫ్4 కోటా అది. 2011 ఫిబ్రవరిలో అప్రూవ్ అయింది. అక్క కొడుకు 2003 మార్చిలో పుట్టాడు, పెళ్లి కాలేదు. తల్లితో పాటు వీసా 21 లోపు పిల్లలకే, ఇతనికి 21 దాటింది కాబట్టి ఇక దారి లేదని కొందరంటున్నారు. ఎమ్మెస్‌కి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద పంపాలా, ఆగాలా?

పెన్నేటిగట్టు: దారి ఉందండి. 2002 నాటి సీఎస్‌పీఏ (క్యూలో వయసు దాటే పిల్లల్ని కాపాడే) చట్టం ప్రకారం, పిటిషన్ వేసిన రోజు నుంచి అప్రూవ్ అయ్యేదాకా పట్టిన కాలాన్ని పిల్లల వయసులోంచి తీసేస్తారు. ఇక్కడ నాలుగేళ్లు. కాబట్టి నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లోని ఫైనల్ యాక్షన్ చార్టులో (వీసాలు ఇచ్చే తేదీలు) వీళ్ల ప్రయారిటీ డేట్, అంటే పిటిషన్ వేసిన తేదీ, ఏ నెలలో వస్తే ఆ నెలకి అబ్బాయికి 25 నిండకూడదు. అంటే 2028 మార్చి దాకా ఉంది. అప్రూవల్ తర్వాత క్యూలో గడిచిన ఏళ్లు మాత్రం తీసెయ్యరు. ఎక్కువమంది లెక్క తప్పేది అక్కడే. డేట్స్ ఫర్ ఫైలింగ్ చార్టు (కాగితాలు ముందుగా వేసుకునే తేదీలు) చూసి వయసు లెక్కెయ్యకండి.

ఓరుగల్లు: లెక్క సరే, ఆగడం మాత్రం తప్పు. 2025 బులెటిన్లలో ఇండియా ఎఫ్4 ఇంకా 2006లోనే ఉంది. 2007 ఫిబ్రవరి దగ్గర్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, తేదీ నెలకో నెల చొప్పున కదలదు. నెలల తరబడి ఆగుతుంది, ఒక్కోసారి వెనక్కీ పోతుంది. ప్రపంచం మొత్తానికి కోటా ఏడాదికి 65,000.

గోదారిపాయ: తప్పిపోతే ఏమైందండీ? తల్లికి గ్రీన్‌కార్డు వచ్చాక పాత 2007 తేదీతోనే కొడుక్కి వెయ్యొచ్చుగా. ఎమ్మెస్‌కి లక్షలు పొయ్యడం దేనికి? పైగా ఎఫ్-1 ఇంటర్వ్యూలో ఈ ఫైలు సంగతి తెలిస్తే అక్కడే ఉండిపోతాడని 214(బీ) సెక్షన్ కింద తిప్పి పంపుతారు. చెప్పకుండా ఉంటే సరి.

పెన్నేటిగట్టు: పాత తేదీ రాదు. 2014లో క్యూలర్ డి ఒసోరియో కేసులో సుప్రీంకోర్టు ఎఫ్4 పిల్లలకు ఆ దారి మూసేసింది. తల్లి కొత్తగా ఎఫ్2బీ (గ్రీన్‌కార్డుదారుల 21 దాటిన, పెళ్లికాని పిల్లల కోటా) వెయ్యాలి. 2025లో అది 2016 తేదీల దగ్గర నడిచింది, అంటే దాదాపు తొమ్మిదేళ్ల వెనక. తల్లి పౌరురాలు కాకముందే కొడుకు పెళ్లి చేసుకుంటే ఆ పిటిషన్ చెల్లదు.

ఓరుగల్లు: దాచమని దయచేసి ఎవరికీ చెప్పకండి. ఐ-130 ఫారంలోనే పిల్లల పేర్లు అడుగుతారు. అబద్ధమని తేలితే శాశ్వతంగా అనర్హుడవుతాడు, ఎఫ్4 కూడా పోతుంది. పిటిషన్ మేనమామ వేసింది, తల్లి పేరున ఉంది, నేను చదువుకోడానికి వెళ్తున్నాను అని సూటిగా చెప్పాలి. రిస్కు లేదనను, కానీ అందరికీ తిరస్కరించరు. ఎఫ్-1 మీద వెళ్లినంత మాత్రాన ఎఫ్4 హక్కు పోదు. స్టేటస్ చెడకుండా ఉంటే, తల్లి వీసా మీద దిగాక అక్కడే ఐ-485 (అమెరికాలో ఉండే గ్రీన్‌కార్డుకి పెట్టే దరఖాస్తు) వేసుకోవచ్చు.

పెన్నేటిగట్టు: ఈ మాటకు నేనూ ఒప్పుకుంటాను. ఇంకొకటి: డేట్ వచ్చాక ఏడాదిలోపు అబ్బాయి తరఫున అడుగు పడాలి. ఇండియాలోనే ఉంటే అతని పేరున విడిగా డీఎస్-260 (వలస వీసా దరఖాస్తు), వీసా ఫీజు 325 డాలర్లు. 21 దాటాడని ఫైల్లోంచి అతని పేరు తీసేస్తే, ఐ-797 నోటీసులో (పిటిషన్ మీద ప్రభుత్వం పంపే కాగితం) వేసిన తేదీ, అప్రూవల్ తేదీ చూపించి, సీఎస్‌పీఏ లెక్క రాసి, వలస వీసా ఫైళ్లు చూసే నేషనల్ వీసా సెంటర్‌కి పంపాలి. తల్లి కాగితాలు ఒక్కటే పూర్తిచేసి ఊరుకుంటే ఆ ఏడాది కాస్తా జారిపోతుంది.