కొండ గ్రామాలకు సువార్త యాత్ర: 3,400 మీటర్ల దగ్గర తలనొప్పి, వాంతులు, ఈసారి ఎలా వెళ్లాలి?

వందనాలండీ. నా వయసు 22. మా చర్చి యూత్ టీంతో పది రోజుల సువార్త యాత్రకు వచ్చే నెల మళ్లీ కొండ గ్రామాలకు వెళ్తున్నాను.

పోయినసారి 900 మీటర్ల నుంచి ఒక్క రోజులో జీపులో 3,400 మీటర్లకు చేరాం. ఎనిమిది గంటలకల్లా తలనొప్పి మొదలైంది. రాత్రి రెండుసార్లు వాంతి, నిద్ర లేదు. పారాసిటమాల్ 500 మూడుసార్లు వేసుకున్నా, నీళ్లు బాగా తాగినా తగ్గలేదు. మర్నాడు సాయంత్రం 2,500 దగ్గరికి దించాక మూడు గంటల్లో తేలికపడింది. పాటలు నేర్పుదామని మోసుకెళ్లిన గిటార్ సంచిలోంచి తీయనే లేదు. తలుపు సందులోంచి తొంగి చూసి వెళ్లిపోయిన ఆ పిల్లల ముఖాలు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

ఈసారి కోసం నాలుగు నెలలుగా రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తాను. తీరా చదివితే, ఒంట్లో ఎంత ఓపికున్నా ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు (ఆల్టిట్యూడ్ సిక్‌నెస్) రావచ్చట. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదట. ఈసారీ ఒకే రోజులో ఎక్కే ప్లాన్‌ను మార్చమని టీంను అడిగాను, కుదరదన్నారు. డాక్టర్ ఈ జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ మాత్ర 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి వాడమన్నారు. ఈ మాత్రకు ముందు అడిగే సల్ఫా మందుల అలర్జీ నాకు లేదు. అయినా మళ్లీ అందరికీ భారమవుతానేమోనని టెన్షన్‌గా ఉంది.

ఒకసారి ఇలా పడిపోయి మళ్లీ వెళ్లినవాళ్లు చెప్పండి: ఈ మాత్ర వేసుకుని టీంతోపాటు ఒకే రోజులో ఎక్కొచ్చా, లేక 2,500 దగ్గర రెండు రాత్రులు ఆగి వెనక వెళ్లి కలవడం మంచిదా?