జాంబియా అప్పు గురించి ఒక సందేహం, తెలిసినవాళ్లు వివరిస్తారా?

అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. పేద దేశాల అప్పుల పాఠానికి జాంబియాను ఉదాహరణగా తీసుకుని ఒకచోట ఆగిపోయాను.

2020 నవంబరులో ఆ దేశం 4.25 కోట్ల డాలర్ల బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) 130 కోట్ల డాలర్ల రుణానికి ఆమోదం తెలిపింది 2022 ఆగస్టులో. అదీ అప్పులిచ్చిన చైనా, ఫ్రాన్స్ లాంటి దేశాలు ఊరట ఇస్తామని ముందు హామీ ఇచ్చాకే. 630 కోట్ల డాలర్ల బాకీపై ఆ దేశాలతో ఒప్పందం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది. అన్నాళ్లూ అక్కడి ఆసుపత్రులు, బడులు ఎలా నెట్టుకొచ్చాయో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

నా ప్రశ్న ఇది. ఈ సర్దుబాటులో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ తమకు రావాల్సిన బాకీలు తగ్గించుకోలేదు. 2005-06 ప్రాంతంలో ఇదే జాంబియాకు పెద్ద ఎత్తున మాఫీ చేశాయి కదా, ఇప్పుడెందుకు కుదరదు? తాము నష్టపోతే చౌకగా నిధులు పుట్టవన్నది వాళ్ల వాదన. మరి ఐడీఏ (పేద దేశాలకు సాయం చేసే ప్రపంచ బ్యాంకు విభాగం) ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని గ్రాంట్లను మాఫీకి బదులుగా లెక్కేయడం న్యాయమేనా? నాకైతే సమానం అనిపించడం లేదు. అభివృద్ధి బ్యాంకుల్లో పనిచేసినవారెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే వారమే పాఠం.